యాత్ర ముగిశాక ఆ కొండల మీద డాక్టర్ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

2024లో మేమిద్దరం అమర్‌నాథ్ వెళ్లాం. శేష్‌నాగ్ చేరేసరికి మా ఆవిడకు ఊపిరాడక కూలబడిపోతే, అక్కడి మెడికల్ క్యాంపులో వేలికి ఆక్సీమీటర్ తగిలించి చూసి, కాసేపు ఆక్సిజన్ పెట్టి, ఒక్క రూపాయి అడగకుండా పంపించారు. దాదాపు 12,000 అడుగుల ఎత్తులో! వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

మా వెనకే ఒక బకర్వాల్ జంట నిలబడి ఉంది, తల్లి చంకలో దగ్గుతున్న పసిబిడ్డ. ఈ బకర్వాల్‌లు చలికాలమంతా రాజౌరీ, పూంచ్, కఠువా వైపు ఉండి, ఏప్రిల్, మే నెలల్లో గొర్రెల్ని, మేకల్ని తోలుకుంటూ కనుమలు దాటి ఈ మేతబయళ్లకు వస్తారు, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో దిగుతారు. డాక్టర్ టీకాల కార్డు అడిగితే తండ్రి లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కార్డు తీశాడు. ఆరు వారాల టీకా దాకా పడింది. 10, 14 వారాల గడులు ఖాళీ. అప్పటికే దారిలో ఉన్నారు మరి. ‘గొర్రెలకు మాత్రం అన్నీ వేయించాకే బయల్దేరాం’ అన్నాడాయన హిందీలో, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

జమ్మూ కశ్మీర్‌లో 2020 డిసెంబర్ నుంచి ప్రతి కుటుంబానికీ 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. మంచిదే, కానీ పురిటి నొప్పులు వచ్చిన మనిషిని గుర్రం మీద కూర్చోబెట్టి రోడ్డు దాకా తెచ్చేసరికి పూట గడిచిపోతే ఆ బీమా కార్డు ఏం చేస్తుంది? ఆశా కార్యకర్తను ఊరి లెక్కన వేస్తారు, వీళ్ల ఊరేమో ఆరు నెలలు నడుస్తూనే ఉంటుంది. మన మన్యంలో డోలీ మోతలు చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది యాత్ర ఆగస్టు 19న ముగిసింది. యాత్రికుల కోసం వేసిన క్యాంపులు యాత్రతోనే సర్దేస్తారు, ఆక్సిజన్ సిలిండర్లతో సహా. బకర్వాల్‌లు మాత్రం ఇంకో నెలకు పైగా అక్కడే ఉంటారు. చలి ముదిరేది, పిల్లలకు ఛాతీ పట్టేసేది అప్పుడేగా! మనలాంటి నాలుగు రోజుల చుట్టాలకు ఇన్ని ఏర్పాట్లు చేసిన ప్రభుత్వం, దారికి ఒక్క క్యాంపునైనా మందలు దిగిపోయేదాకా ఉంచలేదా?

చేతకాక కాదు. 2021లో కోవిడ్ టీకా పెట్టెలు భుజాన వేసుకుని నర్సులు ఈ మేతబయళ్లకు నడిచి వెళ్లారు. పిల్లల చదువు కోసం కొండల మీద సీజనల్ బడులు పెట్టి పంతుళ్లను వేస్తున్నారు. అదే పద్ధతిలో వాళ్లలోంచే చదువుకున్న ఒక అమ్మాయికి ఏఎన్ఎం శిక్షణ ఇచ్చి, టీకాల చల్లపెట్టె ఒకటి చేతికిచ్చి మందతో పాటు నడవమంటే సరిపోతుంది. టీకాల కోసం మంద ఆగదు, మేత అయిపోతే ముందుకు పోవాల్సిందే.

ఏటా అమర్‌నాథ్ వెళ్లొచ్చే మన తెలుగువాళ్లు, యాత్ర అనుభవాలు రాసి పంపేటప్పుడు, యాత్రను నడిపే అమర్‌నాథ్ దేవస్థానం బోర్డువారికి ఈ ఒక్క మాట కూడా రాయండి. నేను రాశాను, ఇంకా జవాబు రాలేదు.

— ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, నరసరావుపేట