మా సందు ఇళ్లకీ స్ప్రింక్లర్లు కావాలి

ఒడిశా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది బరంపురంలో తెలుగు మాట్లాడే పట్టు నేత కుటుంబం. మా సందు ఎంత ఇరుకంటే, మా అరుగు మీంచే ఎదురింటివాళ్లకి కాఫీ గ్లాసు అందించొచ్చు. రెండేళ్ల కిందట దీపావళి రాత్రి మా వెనకింట్లో నిప్పంటుకుంది. ఫైరింజన్ త్వరగానే వచ్చింది గానీ సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. గొట్టం లాక్కొచ్చేసరికి మగ్గం, దాని మీద సగం నేసిన చీర బూడిదయ్యాయి. తప్పు వాళ్లది కాదు, సందుది.

అప్పట్నుంచి ఇంట్లో మంట వేడికి తనంతట తానే నీరు చిమ్మే స్ప్రింక్లర్ పెట్టిద్దామంటున్నాను. మా నాన్న ఒప్పుకోరు. "పోపు మాడితే పట్టంతా తడిసిపోదూ?" అంటారు. సినిమాల్లో చూపించేది అలాగే మరి. నిజానికి అది పొగకి కదలదు. సీలింగుకి బిగించే ఆ ముక్కులో సన్నటి గాజు గొట్టం, దాన్నిండా ద్రవం ఉంటాయి. మామూలు రకంలో వేడి 68 డిగ్రీలకి చేరితే ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది, మూత ఊడి నీరు చిమ్ముతుంది. వేడి తగిలిన ఆ ఒక్కటే తెరుచుకుంటుంది, పక్క గదిలోది మూసుకునే ఉంటుంది. పొయ్యి దగ్గరైతే 93 డిగ్రీల పచ్చ గాజుది పెట్టుకోవచ్చు. మంట పూర్తిగా ఆరకపోయినా, గదంతా ఒక్కసారిగా భగ్గుమనకుండా ఆపితే మనుషులు బయటపడతారు.

అమెరికాలో చిన్న ఇళ్ల కోసం 1975లోనే విడిగా ప్రమాణం రాశారు. దాని ప్రకారం సాధారణంగా పది నిమిషాల నీరు చాలు. ఒక్కోటి నిమిషానికి 50 లీటర్లు చిమ్మితే, ఒకవేళ రెండు తెరుచుకున్నా పది నిమిషాలకి వెయ్యి లీటర్లు. అంటే మా మేడ మీది నల్ల ట్యాంకంత! అంతకంటే పెద్ద ట్యాంకు పెట్టి, ఇంటి వాడకం గొట్టాన్ని దాన్లో ఆ వెయ్యి లీటర్ల మట్టానికి పైన బిగిస్తే అడుగు నీరు ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

చిక్కు ఒత్తిడితోనే. ముక్కు దగ్గర కనీసం 5 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటి ఒత్తిడి ఉండాలి. ట్యాంకు కిందే ఉన్న పై అంతస్తుకి అది అందదు, పంపు కావాలి. పంపుకి కరెంటు కావాలి. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశామో ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. కాబట్టి బ్యాటరీతో నడిచే ఏర్పాటు కూడా ఆలోచించాలి.

వేల్స్‌లో 2016 నుంచి కొత్త ఇళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి. మేం అంత అడగడం లేదు. ఒక ఆఫీసులో అడిగితే "మీ ఇంటికి అవన్నీ ఎందుకు?" అని నవ్వారు. రెండు మూడంతస్తుల ఇళ్లకి సరిపడే ఒక నమూనా డ్రాయింగు ఒడియాలో, తెలుగులో ఇప్పించండి. ఊళ్లో ప్లంబర్లకి నేర్పించండి. ముందు ఇలాంటి ఇరుకు సందులతో మొదలుపెట్టండి.

ప్రయోగానికి ఇల్లు కావాలంటే మాదే ఇస్తాం. మా నాన్నని ఒప్పించే పూచీ నాది.

ఇట్లు,
బరంపురం నేత కుటుంబీకుడు