నది నీటి పరీక్షకు తెల్లవారకముందే వెళ్లాలి

సంపాదకులకు,

దగ్గర్లోని నది నీటిని తామే స్వచ్ఛందంగా పరీక్షిస్తామని వ్యాపార సంస్థలు ముందుకు రావడం సంతోషమే. కానీ ఆఫీసు వేళల్లో, భోజనాలయ్యాక నలుగురు వెళ్లి సీసా ముంచితే వచ్చే అంకె నదిని పొగుడుతుంది. పగటిపూట నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. అందుకే కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నం దాటాక బాగా ఎక్కువగా, సూర్యోదయానికి కాస్త ముందు బాగా తక్కువగా ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో మామూలుగా పట్టేది లీటరుకు 8.3 మిల్లీగ్రాములే. మధ్యాహ్నం ఆక్సిజన్ మీటరు 12 చూపించిందంటే నాచు మితిమీరిందని అర్థం. అదే మడుగులో తెల్లవారుజామున 2కు పడిపోవచ్చు, చేపలు చచ్చి తేలేది అప్పుడే. కాబట్టి నెలకు ఒక్కసారే వెళ్లినా చీకటితోనే వెళ్లాలి.

ఎక్కడ ముంచాలన్నది రెండో చిక్కు. ఫ్యాక్టరీ కాలువ కలిసే చోటికి ఎగువన ఒక నమూనా, దిగువన నీళ్లు బాగా కలిశాక ఇంకొకటి తీయాలి. కాలువ నీరు చాలా దూరం ఒడ్డును పట్టుకునే పోతుంది, అవతలి ఒడ్డున ముంచితే ఏమీ తెలియదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఐదు చోట్ల కండక్టివిటీ (నీరు కరెంటును ఎంత ప్రసరింపజేస్తుందన్న కొలత) చూసి, అన్నిచోట్లా దాదాపు ఒకటే వస్తే కలిసినట్టు లెక్క. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, సీసా మూతిని ఎగువకు తిప్పి, నీటి మట్టానికి జానెడు లోతున నింపాలి. కాళ్లతో లేపిన బురద సీసాలోకి రాకూడదు.

మీటరు మీద నమ్మకం కుదిరేదాకా, రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి పక్కన పెట్టుకోవడం మంచిది. 1888 నాటిదే అయినా ఇప్పటికీ మీటరును సరిచూసుకోవడానికి పనికొస్తుంది. 300 మిల్లీలీటర్ల గాజుమూత సీసాను బుడగ లేకుండా నింపి, పిపెట్ కొన నీటిలో ఉంచి 2 మి.లీ. మాంగనీస్ సల్ఫేట్, 2 మి.లీ. ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేయాలి. మూత బిగించి పదిహేనుసార్లు తలకిందులు చేయాలి. గోధుమరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టు. మడ్డి సగానికి దిగాక 2 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే కరిగి పసుపు రంగు తేలుతుంది. అందులో 200 మి.లీ. తీసి 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే ఎంత ఖర్చయిందో కొలుస్తూ కొద్దికొద్దిగా కలపాలి. గడ్డి రంగుకు వచ్చాక స్టార్చ్ వేసి, నీలం పోయేదాకా చుక్క చుక్కగా వదలాలి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. అజైడ్ విషం, యాసిడ్ కాలుస్తుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి, వాడిన నీళ్లు క్యాన్‌లోకే పోవాలి. నదిని పరీక్షించి ఆ మందులు నదిలోనే పారబోసేవాళ్లూ ఉన్నారు మరి.

గమనించండి, ఇక్కడ మామూలుగా జరిగే తప్పులు సంస్థకు అనుకూలంగానే పోతాయి. పాతబడి బలం తగ్గిన థయోసల్ఫేట్ ఎక్కువ ఖర్చవుతుంది, ఆక్సిజన్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గిన నీళ్లలో చిక్కుకున్న గాలిబుడగా అంతే. పొర ఉండే పాత రకం ప్రోబ్ (మీటరుకు ఉండే, నీటిలో ముంచే భాగం) మాత్రం నిలవ నీళ్లలో కదపకుండా పెడితే తక్కువ చూపిస్తుంది.

మలబాక్టీరియా పరీక్షకు సీసా స్టెరిలైజ్ చేసినదై ఉండాలి, నది నీళ్లతో తొలవకూడదు, ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

ఏడాదికి రెండుసార్లు రాళ్లను మూడు నిమిషాలు కాలితో కదిలించి వలలో పడ్డ పురుగులనూ చూడాలి. ఆక్సిజన్ బాగా కావాల్సిన మేఫ్లై అనే ఈగ పిల్లలు పోయి, తక్కువ ఆక్సిజన్ ఉన్నా బతికే ఎర్రటి కైరోనమిడ్ పురుగులే మిగిలితే ఆ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చిందని అనుమానించాలి. రాత్రిపూట వదిలేసి తెల్లారేలోపు పోయే వ్యర్థాలు మీటరుకు దొరక్కపోవచ్చు, పురుగులకు దొరుకుతాయి.

ఇంకొక సూచన. ఏ సంస్థా తన కాలువ దిగువను తానే కొలుచుకోకుండా పక్క సంస్థతో మార్చుకోవాలి, తేదీని చీటీ వేసి తేల్చాలి. ప్రతి పది నమూనాల్లో ఒకదాన్ని రెండుసార్లు తీసి చూసుకోవాలి. సిరాతో రాసిన అంకె తప్పనిపిస్తే ఒకే గీత కొట్టి, కారణం, సమయం పక్కన రాయాలి. నచ్చని అంకెలతో సహా ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టుగా బయట పెట్టాలి.

ఇట్లు,
నీటి పరీక్షల సిబ్బంది