పిల్లల సినిమాకు కరువు డబ్బుది కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ సినిమా పేజీలో పిల్లల చిత్రాల మీద వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులైనా బాధ తగ్గక ఈ ఉత్తరం రాస్తున్నాను. అడవిలో ఒక వింత జీవి, దాని జాడ వెతుక్కుంటూ వెళ్లే పదో తరగతి పిల్లలు... ఇలాంటి కథ తెలుగులో తీయాలంటే కోట్లు పోసి గ్రాఫిక్స్ చేయించాలనీ, ఆ డబ్బు తిరిగి రాదు కాబట్టి ఎవరూ ముందుకు రారనీ మీ వ్యాసకర్త తేల్చేశారు. నిర్మాతలు ఈ మాట అంటే సరే, వాళ్లది వ్యాపారం. పత్రిక కూడా అదే పాట పాడితే ఎలా?

1972లో అమెరికాలో చార్లెస్ పియర్స్ అనే ఆయన ‘ది లెజెండ్ ఆఫ్ బాగీ క్రీక్’ అనే సినిమా తీశారు. ఆయన వాణిజ్య ప్రకటనలు తీసే మనిషి, దర్శకుడిగా అదే మొదటి చిత్రం. ఆర్కన్సా రాష్ట్రంలోని ఫౌక్ అనే చిన్న ఊరి పక్క చిత్తడి అడవిలో ఒళ్లంతా వెంట్రుకలున్న జీవి తిరుగుతోందని 1971లో అక్కడి పత్రికలో వచ్చిన వార్తలే దానికి ఆధారం. ఖర్చు సుమారు 1,60,000 డాలర్లు. నటించింది చాలావరకు ఆ ఊరివాళ్లే. పనిలో చేయి వేసినవాళ్లలో హైస్కూలు పిల్లలున్నారు. ఆ జీవిని సరిగ్గా చూపించనే లేదు. చెట్ల వెనక ఓ ఆకారం, రాత్రిపూట ఓ అరుపు, అంతే. అన్ని వయసులవాళ్లూ చూడవచ్చన్న ‘జి’ సర్టిఫికెట్‌తో విడుదలై రెండు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిందని చెబుతారు.

అంత దూరం పోవడం కూడా అనవసరం. విఠలాచార్య గారు ఏ కంప్యూటర్ పెట్టుకుని దెయ్యాలను, అస్థిపంజరాలను ఆడించారు? కెమెరా పనితనంతో, అదుపు తప్పని ఖర్చుతో తీసిన ఆ సినిమాలకు ఇంటిల్లిపాదీ వెళ్లేవారు. భయపడి అమ్మ కొంగు పట్టుకున్న పిల్లలే మర్నాడు మళ్లీ వెళదామని మారాం చేసేవారు. మనకు నల్లమల ఉంది, పాపికొండలున్నాయి, ఏటూరునాగారం ఉంది. కథలు చెప్పే అవ్వలూ ఇంకా ఉన్నారు.

లేనిది తెర. చిన్న సినిమాకు దక్కేది ఉదయం ఆట ఒక్కటే, అదీ శుక్రవారం! బడి ఉన్న రోజు ఉదయం పిల్లలెలా వస్తారండీ? మొన్న వేసవిలో మా ఊళ్లో ఒక పిల్లల సినిమాకు మనవళ్లను తీసుకెళితే, జనం చాలలేదని ఆట రద్దు చేసి డబ్బు చేతిలో పెట్టి పంపారు. పక్క తెర మీద ‘యూఏ 16+’ సినిమా, అంటే పదహారేళ్లలోపు పిల్లలకు చూపించాలా వద్దా అని పెద్దలు ఆలోచించుకోవాల్సిన సినిమా, ఆడుతోంది. ఐదారేళ్ల పిల్లలను వెంటబెట్టుకుని కుటుంబాలు దానికే వెళ్తున్నాయి. 2023లో చట్టం సవరించి 7+, 13+, 16+ అని మూడు మెట్లు పెట్టారు, మంచిదే. కానీ ఏడేళ్ల పిల్లకు తగిన సినిమా ఏ తెర మీదా లేనప్పుడు తల్లిదండ్రులనే తప్పుపట్టి ఏం లాభం?

పెద్ద హీరో సినిమా వస్తే టికెట్ ధర పెంచుకోవడానికీ, అదనపు ఆటలు వేసుకోవడానికీ రెండు రాష్ట్రాల్లోనూ రాత్రికి రాత్రే జీవోలు వెలువడతాయి. పిల్లల సినిమాకు సెలవుల్లో ఒక్క మధ్యాహ్నం ఆట ఇవ్వండని ఏ అధికారైనా ఒక్క కాగితం మీద సంతకం పెట్టారా?

ఇక బాలల చలనచిత్రోత్సవం సంగతి. రెండేళ్లకోసారి నవంబరులో ప్రపంచం నలుమూలల నుంచి పిల్లల సినిమాలు హైదరాబాద్‌కు వచ్చేవి. బడి బస్సుల్లో పిల్లలను తీసుకెళ్లిన ఉపాధ్యాయుల్లో నేనూ ఉన్నాను. భాష తెలియని సినిమాలు చూసి వాళ్లు ఈలలు వేసేవారు, ఏడ్చేవారు, దారి పొడవునా ఆ కథలే చెప్పుకునేవారు. 2017లో ఇరవయ్యో ఉత్సవం జరిగింది. ఆ తర్వాత మన నగరానికి ఆ భాగ్యం లేదు. దాన్ని నిర్వహించే బాలల చిత్ర సమితి 1955లో పుట్టింది. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. కలిపినవాళ్లు ఉత్సవం ఎప్పుడో చెప్పలేదు, శాశ్వత వేదిక మాదేనని గొప్పగా చెప్పుకున్న మన పాలకులు అడగనూ లేదు.

మీ వ్యాసకర్త రెండో వ్యాసం రాస్తే ఈ ప్రశ్నలు కేంద్ర సమాచార, ప్రసార శాఖను, రాష్ట్ర సినిమాటోగ్రఫీ మంత్రిని అడిగి, వాళ్లిచ్చిన జవాబులు అచ్చు వేయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మేడ్చల్