ఇది సెమీ క్రిస్మస్ కాదండి, ఆగమన కాలం

సంపాదకులు గారికి,

డిసెంబరు 1 సోమవారం మీ విశాఖ జిల్లా పేజీలో మా లూథరన్ చర్చి ఫోటో వేశారు. సంతోషం. ఆల్టర్ పక్కన బల్ల మీద పచ్చటి రెమ్మల చక్రం, అందులో వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి, వెనకాల తెల్లచీరల్లో మా స్త్రీల సమాజం. ఎడమ చివర కళ్లజోడు సర్దుకుంటున్నది నేనే. ఫోటో కింద మాత్రం ‘గాజువాకలో ఘనంగా సెమీ క్రిస్మస్’ అని ఉంది, అంటే పండుగ రాకముందే కేకు కోసి చేసుకునే వేడుక అని. ఆ రోజు మా దగ్గర ఘనంగా ఏమీ జరగలేదండి. ఒక కొవ్వొత్తి వెలిగించాం, కీర్తనలు పాడాం, ప్రసంగం విన్నాం, టీ కూడా తాగకుండా ఇళ్లకు వెళ్లాం.

మీ విలేకరి గారికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే, ‘‘అమ్మా, మీ చర్చి కుర్రాళ్లు వాట్సాప్‌లో పంపిందే వేశామండి’’ అన్నారు. ఆరా తీస్తే నిజమే. ‘‘ఆగమన కాలం అంటే ఎవరికి తెలుస్తుంది ఆంటీ, సెమీ క్రిస్మస్ అని రాస్తేనే పేపర్లో వేస్తారు’’ అన్నాడు మా యూత్ అబ్బాయి. కాబట్టి ఈ ఉత్తరం సగం మీకు, సగం మా వాళ్లకు.

నేను గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చి, ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో పనిచేశాను. నెలలు నిండకుండా తొందరపడిన కాన్పులు చూశాను, డేటు దాటినా కదలని కాన్పులూ చూశాను. సెమీ కాన్పు మాత్రం ఎక్కడా చూడలేదు. బిడ్డ కోసం ఎదురుచూసే ఇంట్లో ఒక హడావిడి ఉంటుంది. పాతచీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపుకోవడం, మూల గది కడిగి పెట్టుకోవడం. పుట్టాక పంచాల్సిన స్వీట్లు ముందే పంచేసి కూర్చునేవాళ్లు ఉండరు కదా. మా ఆగమన కాలం ఆ గది కడుక్కునే కాలం.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం అది. మొదటిది ఏటా నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య పడుతుంది. ఈసారి నవంబరు 30న వచ్చింది. మా సంఘ సంవత్సరం మొదలయ్యేది కూడా ఆ రోజే, మాకు ఉగాది అనుకోండి. ఆల్టర్ మీద ఊదారంగు గుడ్డ పరుస్తాం. మా అమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఈ నాలుగు వారాల్లో ఇల్లు అలికి, గోడలకు సున్నం వేయించి, పాత అప్పులు తీర్చి, మాటలు లేని తోటికోడలి ఇంటికి తానే వెళ్లి మాట కలిపి వచ్చేది. అరిసెల పాకం మాత్రం 23వ తేదీ రాత్రి దాకా పట్టేది కాదు. మేం ఎంత ఏడ్చినా అంతే. ఇప్పుడు మా మనవడు నవంబరు 28కే మేడ మీద స్టార్ కట్టేశాడు, నేనేమీ అనలేకపోయాను. అది వేరే సంగతి.

ఫోటోలోని ఆ చక్రం గురించి రెండు మాటలు చెప్పాలి. అది మా వారు ఉక్కు ఫ్యాక్టరీ డ్యూటీకి తొక్కిన సైకిలు వెనక రిమ్ము. ఆయన పోయాక అటక మీద పడి ఉంటే, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టడానికి సరిగ్గా సరిపోయింది. దీన్ని మొదట చేసినాయన కూడా బండిచక్రంతోనే చేశాడని తర్వాత పాస్టరు గారు చెబితే తెలిసింది. జర్మనీలో హాంబర్గ్ ఊళ్లో విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు దిక్కులేని పిల్లలకు ఒక ఆశ్రమం నడిపేవాడట. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే 1839లో ఒక బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడు. మామూలు రోజుకు చిన్న ఎర్రది, ఆదివారానికి పెద్ద తెల్లది. ఇంకా ఎన్ని రోజులున్నాయో పిల్లలే లెక్కపెట్టుకునేవారు. ఇప్పుడు చాలా చర్చిల్లో ఆదివారాలవి నాలుగే మిగిలాయి. అక్కడ చలిదేశపు చెట్ల రెమ్మలు చుడతారు. మేం సముద్రం వైపు తోటల్లోంచి సరుగుడు రెమ్మలు తెచ్చుకుంటాం. ఊదారంగు కొవ్వొత్తుల కోసం పూర్ణా మార్కెట్ అంతా తిరిగాను, దొరకలేదు. తెల్లవాటికే ఊదా రిబ్బను చుట్టాం, మూడో వారం దానికి గులాబీ రిబ్బను. ఇక మన ఊరి గాలి తెలుసు కదా, వెలిగించినప్పుడల్లా కిటికీలు మూసి ఫ్యాన్లు ఆపాలి. డిసెంబరులో కూడా అందరికీ చెమటలే.

ఒక్క మాట కోసం ఇంత పట్టింపా అనొచ్చు. తెలుగు అచ్చుతో మా లూథరన్లకు పాత చుట్టరికం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, జర్మనీకి తిరిగి వెళ్లాక 1746లో హాలె పట్టణంలో మా శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ గారి చిన్న ప్రశ్నోత్తరిని, అంటే ప్రశ్నలూ జవాబులుగా ఉండే మతబోధ పుస్తకాన్ని, తెలుగులో అచ్చు వేయించాడు. మన భాషలో మొదట అచ్చయిన పుస్తకాల్లో అదొకటి. గుంటూరుకు మా లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చింది 1842లో, అంటే దాదాపు వందేళ్ల తర్వాత. అంతకాలం నుంచి అచ్చులో ఉన్నవాళ్లం, మా పండుగల పేర్లు సరిగా పడాలని అడగకూడదా?

ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో చేసుకునే సెమీ క్రిస్మస్ మీద నాకు కోపం లేదు. బళ్లకు సెలవులిచ్చేస్తే పిల్లలు మళ్లీ దొరకరు. అన్ని మతాలవాళ్లూ వచ్చి కేకు తిని నవ్వుకుని వెళ్తారు, మంచిదే. చర్చి లోపల కూడా అదే మొదలైతేనే నాకు బాధ. నిన్న, 7వ తేదీ, రెండో కొవ్వొత్తి వెలిగించే రోజు మా యూత్ వాళ్లు పెద్ద కేకు తెచ్చారు. పాస్టరు గారు ఏమీ అనలేక నావైపు చూశారు. కేకును సండే స్కూలు పిల్లలకు పంచేశాం, కోయడం ఫోటో తీయనివ్వలేదు. ఆ రోజు చదివింది బాప్తిస్మమిచ్చు యోహాను సంగతి. ఎడారిలో మిడతలూ అడవి తేనే తిని బతికిన మనిషి గురించి విన్న నోటితో క్రీమ్ కేకు తినాలంటే నాకెందుకో మింగుడుపడలేదు.

వార్త కావాలంటే మా దగ్గర లేకపోలేదు. ఇంటింటా రోజూ అన్నానికి బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. ఆ డబ్బాలన్నీ ఈ నెల 20న చర్చికి వస్తాయి. ఆ బియ్యంతో పులిహోర కలిపి మన ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో రోగుల వెంట ఉండే బంధువులకు పెడతాం. పోయిన ఏడాది రెండు బస్తాలు నిండింది. ఇంటింటికీ తిరిగి పాటలు పాడే క్యారల్స్ రౌండ్లు కూడా 20 తర్వాతే, రాత్రి తొమ్మిదిన్నరకు ఆపేయాలని ఈసారి కమిటీలో పట్టుబట్టి రాయించాను. తెల్లవారకముందే ఉక్కు ఫ్యాక్టరీ పొద్దుటి షిఫ్టుకు లేవాల్సినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. అర్ధరాత్రి వాళ్ల గుమ్మం ముందు డ్రమ్ము కొట్టి శుభవార్త చెబితే ఎవరు వింటారు?

ఈ నెల 21 ఆదివారం నాలుగో కొవ్వొత్తి. మీ విలేకరి గారిని పంపండి. ఫోటో కింద వేయాల్సిన మాట నేనే కాగితం మీద రాసి ఇస్తాను. అరిసెలు మాత్రం ఆ రోజు ఉండవు, 25న రమ్మనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
గాజువాక, విశాఖపట్నం