ప్రసాదుగాడికి, మేనల్లుడి బడి గురించి

పటమట,
విజయవాడ.

ఒరేయ్ ప్రసాదూ,

నీ వాయిస్ మెసేజీకి వాయిస్ మెసేజీలోనే జవాబు చెబుదామని కూర్చున్నాను. మొదలుపెట్టగానే గ్యాస్ బండ అబ్బాయి వచ్చాడు. మళ్ళీ మొదలుపెడితే మా అమ్మాయి వచ్చి పక్కన చేరి ప్రతి మాటకీ "ఎవరితో నాన్నా?" అంటుంది. ఇలా లాభం లేదని కాగితం తీశాను. తీరిగ్గా చదువుకో, చెల్లెమ్మకి కూడా వినిపించు. మీ మావగారి దగ్గర ఏ ముక్కలు వదిలేయాలో నీకే తెలుస్తుందిలే.

జూన్‌కి బదిలీ ఖాయమన్నావు, సంతోషం. వైజాగ్ సముద్రపు గాలి వదిలేసి మళ్ళీ బెజవాడ ఎండల్లో పడుతున్నావు, ఖర్మ. ఇక నా మేనల్లుడు, అదే నీ కొడుకు సంగతి. మీ మావగారు పటమటలో సందు సందూ తిరిగి "మాంటిస్సోరి" అని ఉన్న బోర్డులన్నీ ఫొటోలు తీసి పంపారు కదా, అందులో అసలుది ఏదో చెప్పమన్నావు. చూశాను. ఒక బోర్డు మీద మాంటిస్సోరి, అబాకస్, ఐఐటీ ఫౌండేషన్, కరాటే నాలుగూ ఉన్నాయి. మూడేళ్ళ పిల్లల గదిలో అవన్నీ ఎలా పట్టాయో బోర్డు రాయించినాయనే చెప్పాలి.

బోర్డు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదురా. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు. అమెరికాలో దీని మీద తగాదా కూడా నడిచింది. ఇది ఏ ఒక్క సంస్థకీ చెందిన మార్కు కాదు, ఒక చదువు పద్ధతికి పేరు, అంతే అని అక్కడి పేటెంట్ ఆఫీసు 1967లో తేల్చేసింది. ఎవరు ఎక్కడైనా రాసుకోవచ్చు. మన ఊళ్ళో అయితే ఈ పేరుకి ఇంకో బలం కూడా ఉంది. వి. కోటేశ్వరమ్మగారు 1955లోనే ఆ పేరుతో పిల్లల బడి పెట్టారు, తర్వాత ఆడపిల్లలకి కాలేజీ దాకా తీసుకెళ్ళారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా అమ్మకి మాంటిస్సోరి అంటే ఇటలీ డాక్టరమ్మ కాదు, కోటేశ్వరమ్మగారే. బెజవాడలో రెండు తరాల చెవుల్లో నానిన పేరు గనక కొత్తగా బడి పెట్టేవాడు కూడా అదే తగిలిస్తాడు.

ఆ డాక్టరమ్మ కథ నీకు కొంత చెప్పాలి, ఎందుకంటే మీ మావగారు "ఫారిన్ గోల" అన్నారన్నావు. మరియా మాంటిస్సోరి 1896లో రోమ్‌లో డాక్టరీ పాసైంది. మొదట మానసికంగా వెనకబడ్డ పిల్లలతో పనిచేసింది. ఇప్పుడు ఈ బళ్ళలో పిల్లల చేతికిచ్చే వస్తువులూ ఆ పద్ధతీ చాలావరకు అక్కడ పుట్టినవే. తర్వాత 1907 జనవరి 6న రోమ్‌లోనే శాన్ లోరెంజో అనే కూలీల పేటలో పిల్లల ఇల్లు తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే ఆ పిల్లలు మేడ గోడలన్నీ పాడుచేస్తున్నారని, ఎవరైనా వాళ్ళని కాస్త కనిపెట్టుకుని ఉంటే బాగుండునని మేడ సొంతదారులు అనుకోవడంతో మొదలైన వ్యవహారం అది. ఇప్పుడు మన దగ్గర కార్లలో దిగే పిల్లల చదువు అయిపోయింది కానీ పుట్టింది మాత్రం కూలీల పిల్లల కోసమే.

అసలు సంగతి ఇంకోటుంది. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళు పిలిస్తే ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చింది. అప్పుడు మన బెజవాడా గుంటూరూ మద్రాసు రాజధానిలోవే కదా, అంటే మన ఇలాకాలోకే వచ్చిందన్నమాట. ఏడాది తిరక్కుండానే ఇటలీ యుద్ధంలో దిగడంతో తెల్లదొరలు ఆవిణ్ణి శత్రుదేశస్థురాలన్నారు. కొడుకు మారియోని నిర్బంధంలో పెట్టారు, ఆవిణ్ణి అడయారు దాటనివ్వలేదు. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి, 1940 ఆగస్టు 31న, కొడుకుని వదిలారు. తర్వాత కొన్నేళ్ళు కొడైకెనాల్‌లో ఉన్నారు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది తల్లీ కొడుకులు పెంచి పోషించింది చాలావరకు ఆ కొండ మీదే. కాబట్టి ఫారిన్ అనే ముక్క మీ మావగారి దగ్గర చెల్లదు. చిన్నపిల్లల భాగం రోమ్‌ది అనుకున్నా, పెద్దపిల్లల భాగంలో సగం పళని కొండలదే.

సరే, లోపల ఏం జరుగుతుంది? మా ఆవిడ అలాంటి బళ్ళోనే పనిచేస్తుండబట్టి, మా అమ్మాయి అందులోనే పెరగబట్టి నాకు కొంత తెలుసు. విరిగిన ట్రేలకి ఫెవికాల్ పూసే ఉద్యోగం కూడా నాదే.

మొదట్లో పిల్లాడు చేసేవన్నీ ఇంటిపనులే. వీళ్ళ భాషలో ఈపీఎల్, అంటే ఎక్సర్‌సైజెస్ ఆఫ్ ప్రాక్టికల్ లైఫ్ అంటారు. కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచడం, గుండీలు పెట్టడం, చాప చుట్టడం, బల్ల తుడవడం. మా ఆవిడ వాళ్ళ దగ్గర వేరుశనక్కాయలు వలవడం, బంతిపూలు గుచ్చడం కూడా పెట్టారు. గ్లాసు గాజుదే, పడితే పగులుతుంది. పగలాలి కూడా. స్టీలుదైతే జాగ్రత్తగా పట్టుకోవాలని ఆ చేతికి ఎవరు చెబుతారు? ఈ పనుల్లో చెయ్యి కుదురుకుంటుంది, ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేసి, తీసిన చోట పెట్టడం అలవాటవుతుంది. "నీళ్ళు వంచడానికి ఫీజు కట్టాలా?" అని మీ మావగారు అంటారు. అందులో న్యాయం ఉంది. ఇంట్లో వాణ్ణి వంచనిస్తే కట్టక్కర్లేదు. వంచనిస్తారా మీ ఇంట్లో?

తర్వాత వస్తువులు. గులాబీ రంగు ఘనాలు పది ఉంటాయి, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. అన్నీ ఒకే రంగు, ఒకే కర్ర, తేడా పరిమాణంలో మాత్రమే. పిల్లాడి చూపు దాని మీదే నిలవాలని అలా చేశారు. ఇంకోటి కొయ్య దిమ్మ, వేర్వేరు కొలతల్లో పది గుంటలు, వాటికి సరిపడే పది గుండ్రటి కొయ్యముక్కలు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఒక ముక్క పట్టకుండా మిగిలిపోతుంది. "తప్పురా" అని ఎవరూ అనక్కర్లేదు, దిమ్మే చెబుతుంది. నువ్వూ నేనూ చదివిన బళ్ళో తప్పు చెప్పింది బెత్తం కదా, ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

నాకు పిచ్చి పట్టించింది మాత్రం పూసల లెక్కలు. ఒకటి అంటే ఒక బంగారు రంగు పూస. పది అంటే తీగకి గుచ్చిన పది పూసల పుల్ల. వంద అంటే పది పుల్లల పలక. వెయ్యి అంటే పది పలకల దిమ్మ. నాలుగున్నరేళ్ళవాడు ఒక చేతిలో ఒక పూసా, ఇంకో చేతిలో వెయ్యి దిమ్మా పట్టుకుని బరువు చూసుకుంటాడు. ఆపైన ఇద్దరు పిల్లలు ట్రేలు పట్టుకెళ్ళి రెండు వేల మూడొందల నలభై అయిదు ఒకడు, పదహారొందల డెబ్బై ఎనిమిది ఒకడు తెచ్చి చాప మీద కలిపేస్తారు. పూసలు పదికి చేరితే బ్యాంకుకి, అంటే పూసలన్నీ ఉంచిన చోటికి పోయి పుల్లగా మార్చుకొస్తారు. "పదికి ఒకటి చేతిలో ఉంచుకో" అని మనకి మాస్టారు చెబితే ఆ ఒకటి ఏ చేతిలోనో, ఎందుకో తెలియకుండా పదో తరగతి దాటాం. వీళ్ళకి ఆ ఒకటి కంటికి కనిపిస్తుంది.

తెలుగు దగ్గరికి వద్దాం, ఇది నువ్వు అడగలేదు కానీ నేను చెప్పి తీరతాను. అక్కడ అక్షరాలు గరుకు కాగితంతో కత్తిరించి అట్టకి అంటిస్తారు. పిల్లాడు రెండు వేళ్ళతో దిద్దుతూ ఆ శబ్దం పలుకుతాడు. మన వీధిబళ్ళలో ఇసుకలో దిద్దించేవాళ్ళు, ఇప్పటికీ అక్షరాభ్యాసానికి పళ్ళెంలో బియ్యం పోసి వేలితోనే "ఓం నమః" దిద్దిస్తాం. వేలికి ముందు తెలియాలన్న ఆలోచన మనకి కొత్తది కాదు. చిక్కు తర్వాత వస్తుంది. విడి అక్షరాల పెట్టె ఒకటుంటుంది, పెన్సిల్ పట్టడం రాకముందే పిల్లాడు వాటితో మాటలు పేర్చేస్తాడు. ఇటలీ పిల్లాడికి 21 అక్షరాలతో పని అయిపోతుంది. మన గుణింతానికి అలా కుదరదు. "క" మీద తలకట్టు ఉంటే గుడి కూర్చోదు, కొమ్ము పెడితే తలకట్టు ఉండాలి, ఒత్తులు కిందకి దిగాలి. మా ఆవిడా వాళ్ళూ తలకట్టు లేని హల్లులూ, తలకట్లూ, గుళ్ళూ, కొమ్ములూ అన్నీ విడివిడిగా కత్తిరించి పెట్టెలో సర్దారు. కష్టమే, కానీ పిల్లలు అదో ఆటగా "అమ్మ", "ఆవకాయ" పేర్చేస్తున్నారు. చాలాచోట్ల ఈ బాధ పడలేక ఇంగ్లీషు ఒక్కటే పెట్టి తెలుగుని వారానికి రెండు పీరియడ్లు చేసేశారు. నన్నడిగితే అలాంటిచోట చేర్చకు. రాసింది రాసినట్టు పలికే భాష ఇంట్లో ఉండగా వాడితో ముందు "నైఫ్"లో "కె" ఎందుకు పలకదో బట్టీ పట్టించడం ఏం తెలివిరా?

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని బ్రోచర్ చదవకు, గదిలో ఓ మూల కూర్చోనివ్వమని అడుగు. అరగంట చాలదు. పొద్దున్నే మూడు గంటలపాటు బెల్లు లేకుండా పని సాగాలి, అసలు పద్ధతి అది. గంటకో బెల్లు, రైమ్స్‌కి ఒకటి, డ్యాన్స్‌కి ఒకటి ఉంటే అక్కడ ఉన్నవి వస్తువులే, పద్ధతి లేదు. ఒకే గదిలో మూడేళ్ళవాళ్ళూ ఆరేళ్ళవాళ్ళూ కలిసి ఉన్నారా అని చూడు. నర్సరీ ఒక గది, ఎల్‌కేజీ ఒక గది అంటే పెద్దవాణ్ణి చూసి చిన్నవాడు నేర్చుకునే వీలే లేదు. ఒక్కో వస్తువు ఒకటే ఉండాలి. వేరేవాడు వాడుతుంటే ఆగాలి. ఆ ఆగడంలోనే సగం మర్యాద వస్తుంది. ఇక టీచరు. పాఠం ఎలా చెబుతుందో విను. "ఇది గరుకు, ఇది నునుపు" అంటుంది. కాసేపాగి "గరుకు ఏది?" అంటుంది. పిల్లాడు నునుపు చూపిస్తే మంచి టీచరు సరిదిద్దదు, నవ్వి ఆ పని ఇంకో రోజుకి వాయిదా వేస్తుంది. చూపించగలిగాకే "ఇదేంటి?" అని అడుగుతుంది. నాకు తెలిసిన ఒకచోట గులాబీ ఘనాలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి, పేరెంట్స్ వస్తే తీస్తారట!

ఇప్పుడు అసలు మాట. ఇది మూడేళ్ళ పంటరా ప్రసాదూ. మొదటి రెండేళ్ళూ బయటికి ఏమీ కనపడదు. పక్కింటివాడు "ఏ ఫర్ యాపిల్" నాలుగు పేజీలు రాస్తుంటాడు, మనవాడు ఇంటికొచ్చి "ఇవాళ చాప చుట్టాను" అంటాడు. మీ మావగారు మౌనంగా నీ వైపు చూస్తారు. అయిదేళ్ళు దాటాకే ఆ చెయ్యీ ఆ చెవీ ఆ లెక్కా కలుస్తాయి, ఉన్నట్టుండి చదవడం మొదలుపెడతాడు, చిన్నపిల్లలకి చూపిస్తాడు. సరిగ్గా ఆ ఏడాదే మనవాళ్ళు "ఫస్ట్ క్లాస్ సీటు దొరకదేమో" అని యూకేజీకి పీకేసి పెద్ద బిల్డింగు బళ్ళో పడేస్తారు. నాకు తెలిసినవాళ్ళలో చాలామంది చేసింది ఇదే. తర్వాత "మాంటిస్సోరిలో ఏమీ రాలేదు" అంటారు. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది, ఇంక ఆ తొందర దేనికి? మూడో ఏడు దాకా ఆగే ఓపిక మీ ఇంట్లో లేకపోతే మొదలే పెట్టొద్దు. ఆ డబ్బుతో వాణ్ణి ప్రతి వారం భవానీ ద్వీపం తిప్పు, అదే మేలు.

ఆరు దాటాక కూడా అక్కడే ఉంచే వీలుంటే ఉంచు అంటాను. మా అమ్మాయి ఇప్పుడు అందులోనే ఉంది. విశ్వం ఎలా పుట్టింది, ప్రాణం ఎలా వచ్చింది, మనిషి ఎలా వచ్చాడు, అక్షరం ఎలా వచ్చింది, అంకె ఎలా వచ్చింది అని అయిదు పెద్ద కథలు చెప్పి అక్కణ్ణుంచి పిల్లల్ని వదులుతారు. మా అమ్మాయి అక్షరం కథ పట్టుకుని అమరావతి మ్యూజియంలో శాసనం ముందు కదలకుండా నిలబడింది, పాత శాసనం దొరికిన చేబ్రోలు తీసుకెళ్ళమని నన్ను చంపుతోంది. వ్యాకరణం కూడా బొమ్మలతోనే. నామవాచకానికి నల్ల త్రికోణం, క్రియకి ఎర్రటి గుండ్రం.

లోటుపాట్లు లేవా అంటే ఉన్నాయి. పరీక్ష రాయడం అలవాటుండదు, తర్వాత మామూలు బడికి మారితే మొదటి ఏడాది కొంచెం తడబడతారు. మంచి టీచరు పెళ్ళయి వెళ్ళిపోతే గది గదంతా డీలా పడుతుంది. ఫీజు మనలాంటివాళ్ళకి బరువే. ఇక పరిశోధన ఏమైనా ఉందా అన్నావు. 2006లో అమెరికాలో మిల్వాకీలో ఒకటి జరిగింది. లాటరీలో సీటు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ పోల్చారు, అయిదేళ్ళ వయసులో సీటు వచ్చినవాళ్ళు చదువులోనూ లెక్కల్లోనూ తోటివాళ్ళతో మెలగడంలోనూ ముందున్నారు. కానీ అది పద్ధతిని గట్టిగా పాటించే బడి. కరాటే బోర్డు బడికి ఆ లెక్క వర్తించదని మీ మావగారికి ముందే చెప్పు.

ఈలోపు చెల్లెమ్మని ఇంట్లో రెండు పనులు చేయమను. వాడి బట్టలు వాడికి అందే ఎత్తులో పెట్టాలి, వాడి ముద్ద వాణ్ణే తిననివ్వాలి. రెండోదానికి మీ అమ్మగారు ఒప్పుకోరని తెలుసు, మాయాబజార్‌లో ఘటోత్కచుడి వివాహ భోజనంలా వడ్డించి మరీ తినిపిస్తారావిడ. ఆవిడకి నా నమస్కారాలు చెప్పి, నేనే అన్నానని చెప్పు, తిట్లు నాకు పడతాయి.

ఎవరికీ అడ్వాన్సు కట్టకు. ఏదో ఒక పనిరోజు చూసుకుని ముందురోజు సాయంత్రానికల్లా రత్నాచల్‌లో దిగిపో, వాణ్ణి కూడా తీసుకురా. పొద్దున్నే ముగ్గురం వెళ్ళి కూర్చుందాం, మా ఆవిడ మాట్లాడి పెడుతుంది. ఒక పూట కూర్చునే ఓపికుంటే మీ మావగార్ని కూడా తీసుకురా, కానీ అక్కడ గట్టిగా మాట్లాడకూడదని ముందే చెప్పి తీసుకురావాలి. ఏ రోజో ఫోన్ చేసి చెప్పు, దోసెల పిండి రుబ్బించాలి.

నీ,
కిరణ్