ఛార్జిషీటు వేరు, ఛార్జి వేరు

సంపాదక మహాశయా,

పోలీసులు ఛార్జిషీటు వేసిన మర్నాడే 'నిందితుడిపై అభియోగాలు ఖరారు' అని పత్రికల్లో వస్తోంది. ఛార్జిషీటు దర్యాప్తు అధికారి ఇచ్చిన నివేదిక మాత్రమే. ఛార్జి, అంటే ముద్దాయిపై విచారించబోయే అభియోగం, రాసేది జడ్జి. ఆ రెంటి మధ్య ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి.

హత్య కేసే తీసుకోండి. మేజిస్ట్రేటు కోర్టులో ముందు పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడుతుంది. ముద్దాయిలకు కేసు పత్రాల నకళ్లు ఇచ్చాక కేసు సెషన్స్ కోర్టుకు కమిట్ అయి, అంటే అప్పగించబడి, ఎస్సీ నంబరు పడుతుంది (ఈ ఎస్సీ అంటే సెషన్స్ కేసు, కులం కాదు). అక్కడ ఇరుపక్షాల వాదన విని, రికార్డు చూసి, విచారించదగ్గ ఆధారం ఉందనిపిస్తేనే జడ్జి ఛార్జి రాస్తారు. లేకుంటే డిశ్చార్జి, అంటే విచారణ లేకుండానే కేసు నుంచి విడుదల. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 250 ప్రకారం డిశ్చార్జి పిటిషన్‌కు కమిట్ అయిన తేదీ నుంచి 60 రోజులే గడువు. ముద్దాయి తన దగ్గరున్న కాగితాలు అప్పుడే చూపి బయటపడదామంటే కుదరదు. ఆ దశలో ప్రాసిక్యూషన్ పెట్టిన రికార్డునే చూడాలని 2004లో దేబేంద్రనాథ్ పాధి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఛార్జిలో నేరం పేరు, సెక్షనుతో పాటు తేదీ, వేళ, చోటు, బాధితుడెవరన్నదీ ఉండాలి. 'ఫలానా రోజు రాత్రి 9 గంటలకు తాడిపత్రిలో ఫలానా చోట ఫలానా వ్యక్తిని వేటకొడవలితో నరికి చంపావు' అన్నంత స్పష్టంగా. తేదీ దగ్గర ఇప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 2024 జులై 1కి ముందు జరిగిన హత్యకు పాత శిక్షాస్మృతి ఐపీసీలోని సెక్షన్ 302, ఆ రోజు నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లోని 103. జూన్ 30 రాత్రి జరిగిందంటే, పన్నెండుకు ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి సెక్షనే మారిపోతుంది.

మన సీమలో అసలు చిక్కు గుంపు కేసులతో. ఐదుగురో అంతకు మించో కలిసి చేశారంటే, వాళ్ల ఉమ్మడి లక్ష్యం ఏమిటో ఛార్జిలో కనిపించాలి. ఛార్జిషీటు చివరి పేరాలోని సెక్షన్లు ఎక్కించి వదిలేస్తే, నరికినవాడెవడు, పక్కన నిలబడినవాడెవడు అన్న గొడవ అప్పీలు దాకా సాగుతుంది. అలాగని ఛార్జిలో తప్పు దొర్లినంత మాత్రాన శిక్ష రద్దు కాదు. దానివల్ల ముద్దాయి తనపై ఆరోపణేమిటో పొరబడ్డాడని, న్యాయం దెబ్బతిందని చూపాలి. పైగా తీర్పు చెప్పేలోగా ఛార్జిని ఎప్పుడైనా మార్చవచ్చు. మారిస్తే సాక్షుల్ని మళ్లీ పిలిపించుకునే హక్కు ఇరుపక్షాలకూ ఉంటుంది.

రాసిన ఛార్జిని ముద్దాయికి చదివి, అర్థమయ్యేలా చెప్పి, నేరం ఒప్పుకుంటాడా, విచారణ కోరుతాడా అని అడుగుతారు. ఇరవై మందిలో ఒక్కడు రాకపోయినా అందరికీ వాయిదా పడే రోజు ఇదే. పరారీలో ఉన్నవాడి కేసు విడగొట్టించుకోకపోతే మిగతావాళ్లు తిరుగుతూనే ఉంటారు. అర్థం కాకపోయినా బెదిరి తల ఊపడం మాత్రం ప్రమాదం. ఒప్పుకుంటే దాని మీదే శిక్ష వేయవచ్చు.

చెక్ బౌన్స్ లాంటి, తక్కువ శిక్షలుండే సమన్స్ కేసుల్లో ఛార్జి రాయడమే ఉండదు, ఆరోపణ సారాంశం చెప్పి అడుగుతారు. వాటికీ 'అభియోగాల ఖరారు' అని రాస్తున్నారు. పోలీసులు వేసినప్పుడు 'ఛార్జిషీటు దాఖలు' అని, జడ్జి రాసినప్పుడే 'ఛార్జి ఖరారు' అని వేయగలరా?

- ఒక న్యాయవాది, అనంతపురం