సీసా మీద గుల్ల బొమ్మ, లోపల మైలుతుత్తం

కంపెనీ యాజమాన్యానికి, కస్టమర్ కేర్ వారికి నమస్కారం.

విషయం: "రీఫ్ సేఫ్" అని మీరు అమ్మిన, చేపల తెల్లమచ్చల మందు పోసిన మూడు రోజుల్లో నా ట్యాంకులో తొమ్మిది గుల్లలు చచ్చిపోయాయి.

మీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండు మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ ఒకటే జవాబు, "మీ నీళ్లు బాగా లేవేమో సార్, తర్వాతి ఆర్డరు మీద సగం డిస్కౌంట్ ఇస్తాం" అని. నాకు డిస్కౌంట్ అక్కర్లేదు. జరిగింది మొదటి నుంచీ రాస్తున్నాను, దయచేసి ఈ ఉత్తరం ఆ మందు తయారుచేసే వాళ్ల దాకా వెళ్లేలా చూడండి.

మాది అమలాపురం దగ్గర ఊరు. ఇంట్లో రెండొందల లీటర్ల ఉప్పునీటి ట్యాంకు మూడేళ్లుగా నడుపుతున్నాను. అందులో ఒక జత క్లౌన్ చేపలు, సిరామిక్ రాళ్లు, అడుగున సున్నపు ఇసుక, ఆ ఇసుకలో కాకినాడ తీరాన గుల్లలు ఏరేవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న తొమ్మిది గుల్లలు. రంగురంగుల అంచులుండే జెయింట్ క్లామ్ నేను పెట్టలేదు, పెట్టను కూడా, ఎందుకంటే వాటిలో ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా అనే జాతులు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. మీ సీసా మీద ముద్రించింది మాత్రం ఆ జెయింట్ క్లామ్ బొమ్మే. దాని కిందే "గుల్లలకు, రొయ్యలకు, పగడాలకు సురక్షితం" అని రాశారు. ఆ మాట చూసే కొన్నాను.

నీళ్లు బాగా లేవంటున్నారు కాబట్టి ఇది చెప్పాలి. జెయింట్ క్లామ్‌కి ఒంట్లోనే నాచు ఉంటుంది, వెలుతురు పడితే ఆ నాచే దానికి చాలావరకు తిండి తయారుచేసి పెడుతుంది. మా గుల్లలకి అలా కుదరదు, నీళ్లలో తేలే నాచుని వడకట్టుకుని తింటేనే కడుపు నిండేది. అందుకని ఉప్పాడ వైపు మా బావ పనిచేసే రొయ్యల హేచరీ నుంచి కీటోసెరాస్ నాచు క్యానులో పట్టుకొచ్చి, రోజూ సాయంత్రం ఫిల్టర్ ఆపి, గంటసేపు వాటికి పట్టేవాణ్ణి. ఉప్పదనం లీటరుకి 30 గ్రాముల దగ్గర, కాల్షియం లీటరుకి 400 మిల్లీగ్రాముల పైన, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) దాని కొలతలో 8 డీకేహెచ్‌కి తగ్గకుండా చూసుకునేవాణ్ణి, చిప్ప కట్టేది వాటితోనే కదా. నెలనెలా చిప్ప అంచున కొత్తగా సన్నటి తెల్ల గీత వచ్చేది. అది చూడడానికి మా పాప టార్చిలైటు పట్టుకుని కూర్చునేది.

కిందటి నెల చేపల మీద ఉప్పు రవ్వల్లాంటి మచ్చలు కనిపించాయి. వీటికి సరైన పద్ధతి చేపల్ని వేరే తొట్టెలోకి తీసి అక్కడ మందు పెట్టడం, అసలు ట్యాంకుని ఆరు వారాలకి పైగా చేపలు లేకుండా వదిలేయడం. తొట్టె కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ మీ సీసా మీద "చేపలను వేరు చేయనవసరం లేదు, నేరుగా పోయవచ్చు" అని ఉంది. నమ్మాను. నలభై లీటర్లకి 5 మిల్లీలీటర్లు అన్నారు, సిరంజితో కొలిచి సరిగ్గా 25 పోశాను.

ఆ రాత్రే గుల్లలన్నీ బిగుసుకుపోయాయి. రెండో రోజు నాచు వేసినా ఒక్కటి కూడా నీళ్లు పీల్చే గొట్టం బయటపెట్టలేదు. మూడో రోజు పొద్దున ఇసుకలోంచి పైకి వచ్చేసి, నోళ్లు తెరిచి పడున్నాయి, వేలితో ముట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న గుల్ల చటుక్కున మూసుకోవాలి, ఇవి కదల్లేదు. అప్పటికే వాసన, అమ్మోనియా. చేపల్ని తొట్టెలోకి మార్చి బతికించుకున్నాను.

నీళ్లు సీసాలో పట్టుకుని భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌కి వెళ్లాను. రాగి కూడా చూడమని అడిగాను, లీటరుకి 0.18 మిల్లీగ్రాములు వచ్చింది. ల్యాబ్ అబ్బాయి అడిగిన మొదటి మాట, "ఏవండీ, చెరువులో నత్తలకి మైలుతుత్తం ఏమైనా కొట్టారాండి?" అని. మైలుతుత్తం అంటే రాగి సల్ఫేటే, మా వైపు చెరువుల్లో నత్తల్నీ నాచునీ చంపడానికి వాడేది అదే, మా నాన్నగారు కొబ్బరి మొవ్వుకుళ్లుకి బోర్డో మిశ్రమం కలిపేదీ దాంతోనే. గుల్లలు నత్తలకి దగ్గరి చుట్టాలే, రెండూ మెత్తటి ఒంటి జీవులే. నత్తల్ని చంపే మందుని గుల్ల బొమ్మ వేసి అమ్మితే ఎలా అండి?

మందు పోయక ముందు పక్కన తీసిపెట్టిన నీళ్లు కూడా అదే రోజు చూపించాను, అందులో రాగి తేలలేదు. చేపల మచ్చలకి రాగి పనిచేస్తుంది, కాదనను, వైద్యంలో వాడే మోతాదే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. మీరు లెక్క తప్పలేదు, చేపకి సరిపోయేంత సరిగ్గా పోయించారు. గుల్ల అలా కాదు, తిండి కోసం పగలూ రాత్రీ నీళ్లని ఒంట్లోంచి లాగుతూనే ఉంటుంది, నీళ్లలో ఏ లోహం ఉన్నా దాని కండలో పోగుపడుతుంది. అమెరికాలో 1986 నుంచి తీరాల్లో కాలుష్యం ఎంతుందో ఆల్చిప్పల కండ పరీక్షించే తెలుసుకుంటున్నారు. ఇంత తెలిసిన విషయం మందులు తయారుచేసే మీకు తెలియదంటే నేను నమ్మను. సీసా మీద "మినరల్ కాంప్లెక్స్" అని రాసి, రాగి అన్న మాట ఎక్కడా రాయలేదు.

ఇంకో నష్టం ఉంది. రాగి సున్నపు ఇసుకకి అంటుకుని తర్వాత మెల్లమెల్లగా నీళ్లలోకి వదులుతుంది, కాబట్టి నీళ్లు మార్చినంత మాత్రాన నేను మళ్లీ గుల్లలు పెట్టలేను. ఇసుకంతా ఎత్తిపోయాలి, రాళ్లు కూడా మార్చాలి.

నాకు కావలసింది ఇది. మందు ఖరీదు 1,450 రూపాయలు, ఇసుకకీ రాళ్లకీ ల్యాబ్‌కీ అయిన 11,200 రూపాయలు చెల్లించండి, బిల్లులు జత చేశాను. సీసా మీద నుంచి గుల్ల బొమ్మ, "సురక్షితం" అన్న మాట తీసేసి, రాగి ఉందని తెలుగులో కూడా పెద్దక్షరాలతో రాయండి. అన్నిటికంటే ముందు, ఇదే మందు కొన్నవాళ్లందరికీ గుల్లలూ రొయ్యలూ ఉన్న ట్యాంకులో పోయొద్దని ఈ వారంలోనే మెసేజ్ పంపండి. డబ్బు ఆలస్యమైనా ఆగుతాను గానీ ఇది ఆగకూడదు, ఎవరో ఒకరు ఈ రాత్రే పోస్తూ ఉండొచ్చు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాను. ల్యాబ్ రిపోర్టు, మూడు రోజుల ఫోటోలు దీనితో పంపుతున్నాను. సీసాలో ఇంకా సగం మందు ఉంది, మూత మీద టేపు వేసి, తారీకు రాసి దాచాను. మీ మనిషి వస్తే నా ఎదుటే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు.

ఇట్లు,
మీ మందు కొన్న కోనసీమ వినియోగదారుడు